జపనీస్‌కు తెలుగే దగ్గరి దారి

సంపాదకులకు నమస్కారం.

జపాన్‌లో ఉద్యోగావకాశాల గురించి పత్రికల్లో తరచుగా వార్తలు వస్తున్నాయి. 2025 ఆగస్టులో భారత్, జపాన్ ప్రభుత్వాలు ప్రకటించిన కార్యాచరణ ప్రణాళిక ప్రకారం ఐదేళ్లలో మన దేశం నుంచి 50,000 మంది నైపుణ్యం గల యువత అక్కడికి వెళ్లాలన్నది లక్ష్యం. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సింగ్ చదివినవారికి జపనీస్ నేర్పించి పంపే పని చేస్తోంది. సంతోషమే. అయితే ఈ వార్తలు చూసి అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఫీజు కట్టి చేరుతున్న పిల్లలకు ఆ భాషను ఏ పద్ధతిలో నేర్పుతున్నారన్నది మాత్రం పెద్దగా చర్చకు రావడం లేదు. తెలుగు పిల్లలకు జపనీస్‌ను ఇంగ్లీషు మీదుగా, అదీ ఇంగ్లీషు లిపిలో నేర్పడం అనవసరమైన చుట్టుదారి అని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను. ఉద్యోగరీత్యా ఆ భాష నేర్చుకుని, విరమణ తర్వాత మా కాలనీ పిల్లలకు సాయంత్రాలు పాఠాలు చెబుతున్న అనుభవంతో ఈ మాట అంటున్నాను.

ఈ మధ్య మా బంధువుల అమ్మాయి నోటుబుక్కు చూశాను. నర్సింగ్ చదివి, నగరంలోని ఒక కోచింగ్ సెంటర్‌లో మొదటి బ్యాచ్ పూర్తిచేసిన పిల్ల. పేజీల నిండా జపనీస్ మాటలే ఉన్నాయి గానీ ఒక్కటీ జపనీస్ లిపిలో లేదు. పిన్ని వయసు ఆవిడను పిలిచే ‘ఒబసాన్’, అమ్మమ్మ వయసు ఆవిడను పిలిచే ‘ఒబాసాన్’ రెండూ ఒకే స్పెల్లింగుతో ఉన్నాయి. నడివయసు ఆవిడను పట్టుకుని అమ్మమ్మా అని పిలిస్తే ఏ దేశంలోనైనా ఏమవుతుందో చెప్పనక్కరలేదు. హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా మన పిల్లలకు ఒకటో తరగతిలోనే వస్తుంది. ‘కితె’ అంటే ‘వచ్చి’, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ల. ఈ ద్విత్వం పలకడానికి ఇంగ్లీషువాళ్లు నానా అవస్థ పడతారు గానీ అత్త, చెట్టు అంటూ పెరిగిన నోటికి అది కొత్త కాదు. ఎ, ఒలకు హ్రస్వ దీర్ఘాలు రెండూ ఉన్న లిపి మనది. జపనీస్‌కు కావలసినవి సరిగ్గా అవే. చివరికి ‘త్సు’ అనే ధ్వని కూడా చాప, చాలు అనేటప్పుడు మనం పలికే దంత్య చకారానికి బాగా దగ్గరగా ఉంటుంది. ఇన్ని అనుకూలతలు ఉన్న పిల్లను తీసుకెళ్లి, దీర్ఘాలు చూపించడమే సరిగా రాని ఇంగ్లీషు స్పెల్లింగులో కూర్చోబెట్టడం ఏం న్యాయం?

జపనీస్‌లో హిరగాన, కటకాన అని రెండు అక్షరమాలలు ఉన్నాయి. ఒక్కొక్కదానిలో మూలాక్షరాలు 46. వాటిని అ, ఇ, ఉ, ఎ, ఒ, ఆ తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ అనే వరసలో చెబుతారు. ఆ వరస విన్నవారికి మన గుణింతాలు గుర్తుకు రాక మానవు. అది యాదృచ్ఛికం కాదు. బౌద్ధ భిక్షువులు ‘సిద్ధం’ అనే పాత భారతీయ లిపి ద్వారా సంస్కృత వర్ణక్రమాన్ని అధ్యయనం చేసిన ప్రభావం అందులో ఉంది. రోజూ ఒక గంట గళ్ల నోటుబుక్కులో చేత్తో రాస్తే నెల తిరక్కుండా ఈ రెండూ వస్తాయి. కటకానలో షి, త్సు అక్షరాలు మాత్రం కవల పిల్లల్లా తికమక పెడతాయి. గీతను కింది నుంచి పైకి లాగుతున్నామా, పై నుంచి కిందికా అన్నదే తేడా కాబట్టి, ఫోన్ తెరమీద చూస్తే చాలదు, చెయ్యి కదలాలి. ఇక్కడ ఆలస్యం చేసిన వారెవరూ తర్వాత తేరుకోవడం నేను చూడలేదు.

అసలు లాభం వాక్యం దగ్గర కనిపిస్తుంది. జపనీస్‌లో క్రియ వాక్యం చివర వస్తుంది, విభక్తి ప్రత్యయం నామవాచకం తర్వాత వస్తుంది. ‘కినో కత్త హొన్’ అంటే ‘నిన్న కొన్న పుస్తకం’. మాటకు మాట సరిపోతుంది, వరస మారదు. దీన్నే ఇంగ్లీషులో చెప్పబోతే పుస్తకాన్ని ముందుకు తెచ్చి, మధ్యలో ఒక అతుకు వేసి, నిన్నటిని చివరికి నెట్టాలి. ‘ఇకిమసు తొ ఈమషిత’ అంటే ‘వెళ్తాను అని అన్నారు’. మన ‘అని’ ఎక్కడ ఉంటుందో వారి ‘తొ’ అక్కడే ఉంటుంది. కోచింగ్ సెంటర్లలో పిల్లలు అందరికంటే ఎక్కువగా భయపడే ‘తె’తో ముగిసే క్రియారూపం కూడా మన క్త్వార్థకానికి, అంటే తిని, వచ్చి లాంటి రూపానికి, దగ్గరి చుట్టమే. ‘తబెతె మితె కుదసాయ్’ అంటే ‘తిని చూడండి’. రుచి చూడమనడానికి వారూ మనలాగే ‘చూడు’ అనే క్రియనే తోడు తెచ్చుకుంటారు. తెలుగులో చెబితే పది నిమిషాల్లో తేలే ఈ సంగతిని ఇంగ్లీషు వ్యాకరణ పరిభాషలో వారాల తరబడి చెబుతున్నారు. అంతే కాదు, నేను, నువ్వు, వాడు అంటూ కర్త మారినప్పుడల్లా మన క్రియ మారుతుంది. వారి క్రియకు ఆ బాధ కూడా లేదు.

తెలుగు వస్తే జపనీస్ వచ్చినట్టేనని మాత్రం నేను అనను. దేని గురించి చెబుతున్నామో చూపే ‘వ’, కర్తను చూపే ‘గ’ అనే ప్రత్యయాల మధ్య భేదానికి తెలుగులో సరిసమానమైనది లేదు. వింటూ, చదువుతూ అలవాటు చేసుకోవలసిందే. ఇక కంజి లిపి, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాల దగ్గర ఏ భాషవారికైనా కష్టం తప్పదు. జపాన్ ప్రభుత్వం నిత్య వ్యవహారానికి నిర్ణయించిన కంజి అక్షరాలు 2,136. కొత్తవారు ఆ సంఖ్య చూసి హడలిపోనక్కరలేదు. తొలి పరీక్షకు వంద దాకా వస్తే నడుస్తుంది. విడి అక్షరాల జాబితాను బట్టీ పట్టడం కంటే, రోజూ వాడే మాటలతో పాటు రెండు మూడు చొప్పున నేర్చుకుంటే నిలుస్తాయి.

అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ తన దౌత్యవేత్తలకు జపనీస్ రావడానికి 2,200 తరగతి గంటలు పడుతుందని లెక్క కట్టింది. ఆ అంకె చూసి వెనక్కు తగ్గిన పిల్లలున్నారు. అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి కట్టిన లెక్క. అలాగని ‘మూడు నెలల్లో ఎన్4’ (జపనీస్ పరీక్షలో కింది నుంచి రెండో స్థాయి) అని గోడల మీద కనిపించే ప్రకటనలనూ నమ్మకండి. జపనీస్ ప్రావీణ్య పరీక్షను జూలై, డిసెంబరు నెలల తొలి ఆదివారాల్లో జరుపుతారు. ఐదు స్థాయిల్లో అన్నిటికంటే తేలికైన ఎన్5లో 180కి 80 వస్తే ఉత్తీర్ణత. కానీ అందులో వినికిడి భాగంలో 60కి కనీసం 19 రాకపోతే మిగతావాటిలో ఎన్ని వచ్చినా తప్పినట్టే. ప్రశ్నలు జపనీస్ లిపిలోనే ఉంటాయి. పైగా ఈ పరీక్షలో మాట్లాడించే భాగం లేదు కాబట్టి, కేవలం సర్టిఫికెట్ చూసి పిల్లకు మాటలు వచ్చాయనుకుంటే పొరపాటే. 2019లో జపాన్ మొదలుపెట్టిన నైపుణ్య వీసాకు సాధారణంగా ఎన్4 గానీ, జేఎఫ్‌టీ-బేసిక్ అనే మరో జపనీస్ పరీక్ష గానీ కావాలి. వృద్ధుల సంరక్షణ పనికి వెళ్లేవారికి ఆ రంగానికి సంబంధించిన మరో భాషా పరీక్ష కూడా ఉంది. ఈ వివరాలు ఫీజు కట్టించుకునే ముందే చెప్పడం కోచింగ్ సెంటర్ల బాధ్యత.

జపాన్ ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ జపాన్ ఫౌండేషన్ ఆడియోతో సహా ఉచితంగా పాఠాలు అందిస్తోంది. కొత్తవారు డబ్బు ఖర్చు పెట్టకముందే వాటితో మొదలుపెట్టవచ్చు. కానీ వాటిని తెలుగు బుద్ధికి అందించే పుస్తకం కావాలి. కోఠి పుస్తకాల దుకాణాల్లో నాకు కనిపించినవన్నీ ఇంగ్లీషులో రాసినవే. జపనీస్ బోధించే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) మన తార్నాకలోనే ఉంది, తెలుగు విశ్వవిద్యాలయం ఉంది, పాఠ్యపుస్తకాలు వేయడంలో దశాబ్దాల అనుభవం ఉన్న తెలుగు అకాడమీ ఉంది, అవసరం తెలిసిన టామ్‌కామ్ ఉంది. ఈ నాలుగూ కలిసి కూర్చుంటే, హిరగాన పక్కన తెలుగు ఉచ్చారణ, జపనీస్ వాక్యం కింద మాటకు మాట తెలుగు ఉండే ప్రాథమిక వాచకం ఒకటి తేవడం పెద్ద పని కాదు. తెలుగు ఉచ్చారణ కూడా తొలి నెల వరకే ఉండాలి. ఆ తర్వాత తీసేయాలి, లేకపోతే అదీ మరో ఊతకర్ర అవుతుంది. మీ పత్రిక కూడా ఆదివారం అనుబంధంలో వారానికి ఒక వరస అక్షరాలు, ఒక వాక్యం చొప్పున చిన్న శీర్షిక నడిపితే జిల్లాల్లోని నర్సింగ్ విద్యార్థులకు కోచింగ్ ఫీజు లేకుండానే తొలి మెట్టు దొరుకుతుంది. దీన్ని పరిశీలించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తార్నాక, హైదరాబాద్.