డ్యూటీ మొదటి అరగంటను రోగి మంచం దగ్గర గడపనివ్వండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి కర్నూలు నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

నేను రాయలసీమ ఆసుపత్రులలో ముప్పై ఏళ్ళకు పైగా స్టాఫ్ నర్సుగా, ఆ తరువాత హెడ్ నర్సుగా పనిచేసి, ఉద్యోగ విరమణ చేసిన నాటి నుంచి కర్నూలులో ఉంటున్నాను. నా సర్వీసులో ఎక్కువ భాగం పెద్దవారి మెడికల్, సర్జికల్ వార్డులలోనే గడిచింది. డ్యూటీలోకి వచ్చిన నర్సు ముందుగా ఏ మంచం దగ్గరకు వెళ్ళాలో తేల్చుకోవడానికి ఒక అరగంట వ్యవధిని ఉత్తర్వు ద్వారా ఇప్పించవలసిందని కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఇది చిన్న కోరికగా కనిపించవచ్చు. ఎందుకు కాదో నా అనుభవంతోనే చెబుతాను.

చాలా ఏళ్ళ క్రితం, నేను అప్పుడు పనిచేస్తున్న ఆసుపత్రికి, పత్తి పెట్టుబడి మునిగిన బాధలో పురుగుమందు తాగిన ఒక యువ రైతును తీసుకువచ్చారు. మొదటి రెండు రోజులు అందరం అతని చుట్టూనే ఉన్నాం. విరుగుడుగా ఇచ్చిన అట్రోపిన్ పనిచేసింది, ఊపిరితిత్తులలో చెమ్మ తగ్గింది, మూడో రోజు ఉదయానికి అతను మాట్లాడుతున్నాడు కనుక మా టేబుల్ పక్కనున్న మంచం నుంచి వరండా వైపు చివరి మంచానికి మార్చారు. నేను మధ్యాహ్నం డ్యూటీకి వచ్చి, మందుల ఇండెంటు, స్టాకు లెక్క, డిశ్చార్జి కాగితాలు, భోజనాల లెక్క ఒకదాని వెంట ఒకటి రాస్తూ కూర్చున్నాను. అతని తల్లి రెండుసార్లు వచ్చింది. "వాని గొంతు పీలగా వస్తాంది సిస్టరమ్మా, దిండు మీంచి తల ఎత్తలేకుండా ఉండాడు" అన్నది. నీరసం వల్లనే అలా ఉంటుందని, వస్తానని చెప్పి పంపించాను. నేను వెళ్ళేసరికి గంట దాటింది. అప్పటికే అతని పెదవులు నీలంగా మారాయి. వెంటిలేటరు మీదకు చేర్చినా అతను దక్కలేదు.

ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు శరీరంలోకి వెళ్ళినవారిలో కొందరికి, మొదటి ప్రమాదం గడిచిన తరువాత, సుమారు 24 నుంచి 96 గంటల మధ్య, మెడ కండరాలు, ఆపైన ఊపిరి తీసుకునే కండరాలు బలహీనపడతాయి. దీనినే ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు. సమయానికి గుర్తించి శ్వాసకు యంత్రం ఆసరా ఇస్తే చాలామంది కోలుకుంటారు. తల ఎత్తమని అడగడం, గొంతులో మార్పు వినడం, ఊపిరిని లెక్కపెట్టడం, ఈ మూడింటికీ ఏ పరికరమూ అక్కరలేదు. పత్తి, వేరుశనగ, ఉల్లి పండించే మన జిల్లాలలో ఇది ఏ నర్సూ మరవకూడని విషయం. నాకు తెలియక కాదు మంత్రి గారూ, ఆ రోజు ఆ గంటలో నా చేతిలో కలం ఉంది. ఆ తప్పు నాది, దానిని ఇంకొకరి మీద వేయను. అయితే అలాంటి తప్పు జరగడానికి వీలుగా వార్డు పని అమరి ఉండడం మాత్రం మార్చదగిన సంగతి.

ముందు శ్వాసమార్గం, తరువాత శ్వాస, తరువాత రక్తప్రసరణ అన్న క్రమాన్ని నర్సింగ్ చదివే ప్రతి విద్యార్థినీ కంఠతా పడుతుంది. వార్డులో ప్రశ్న అంత శుభ్రంగా రాదు. నలుగురు ఒకేసారి పిలుస్తారు. హెర్నియా ఆపరేషన్ అయిన వ్యక్తి నొప్పి ఇంజెక్షన్ అడుగుతాడు. మరొకరికి పది నిమిషాల క్రితమే రక్తం ఎక్కించడం మొదలుపెట్టారు. ఇన్సులిన్ తీసుకున్న ఒక ముసలాయన చెమటలు కక్కుతూ కొడుకును వేరే పేరుతో పిలుస్తున్నాడు. ఇంటికి వెళ్ళవలసిన రోగి బంధువులు బస్సు వెళ్ళిపోతుందని కాగితాల కోసం గట్టిగా అరుస్తున్నారు. చక్కెర తగ్గితే మెదడు దెబ్బతింటుంది కనుక ముసలాయన దగ్గరకే ముందు వెళ్ళాలి. వేలికి గుచ్చి చూస్తే 70 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉందో లేదో నిమిషంలో తేలుతుంది. రక్తం ఎక్కించే మనిషి దగ్గర మొదటి పదిహేను నిమిషాలు కనిపెట్టుకుని ఉండాలి కనుక ఆయన రెండోవాడు. నొప్పి మూడోది, కానీ చిన్నది కాదు, ఎందుకంటే నొప్పికి భయపడి దగ్గనివాడికి, గట్టిగా ఊపిరి పీల్చనివాడికి కఫం పేరుకుని నిమ్మువచ్చే ప్రమాదం ఉంది. అదే నొప్పి ఒక్కసారిగా పెరిగి పొట్ట రాయిలా బిగిస్తే ఈ క్రమమంతా తలకిందులై ఆయనే ముందుకు వస్తాడు. డిశ్చార్జి చివరిది. నాకు తెలిసిన వార్డులలో మాత్రం తరచుగా అరిచినవారి పనే ముందు జరిగేది, చివరి మంచంలో మౌనంగా ఉన్న మనిషి మిగిలిపోయేవాడు.

ఇంకొక విషయం మీరే స్వయంగా పరిశీలించగలరు. మీరు ఏ ఆసుపత్రికి తనిఖీకి వెళ్ళినా, దయచేసి మెడికల్ వార్డులో పది కేస్ షీట్లు తెప్పించుకుని ఉష్ణోగ్రత, నాడి, శ్వాస రాసే చార్టు చూడండి. నేను పనిచేసిన చోట్ల శ్వాస గడిలో వరుసగా 20, 20, 20 అని ఉండేది. పది మంది మనుషులు ఒకే లెక్కన ఊపిరి తీసుకోరు. నాడికి, బీపీకి, ఆక్సిజన్ శాతానికి యంత్రం ఉంది, శ్వాసకు మాత్రం నర్సు పూర్తిగా ఒక నిమిషం నిలబడి ఛాతీ చూస్తూ లెక్కపెట్టాలి, ఆ నిమిషం ఆమెకు దొరకదు. ఒళ్ళంతా ఇన్ఫెక్షన్ పాకుతున్నప్పుడు, ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నప్పుడు, మూత్రపిండాలు చెడి రక్తంలో ఆమ్లం పెరుగుతున్నప్పుడు బీపీ పడిపోకముందే తరచుగా ఊపిరి వేగం పెరుగుతుంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టి ఉంటే వేలి యంత్రం 97 చూపిస్తూనే ఉంటుంది, మనిషి మాత్రం నిమిషానికి ముప్పై సార్లు ఎగపీలుస్తూ ఉంటాడు.

బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ఒక హెచ్చరిక మార్కుల పద్ధతిని ప్రకటించి, 2017లో దానిని సవరించింది. శ్వాస, ఆక్సిజన్ శాతం, పై బీపీ, నాడి, స్పృహ, ఉష్ణోగ్రతలకు మార్కులు వేస్తారు, ఆక్సిజన్ పెట్టి ఉంటే అదనంగా కలుపుతారు. నిమిషానికి 12 నుంచి 20 ఊపిరులకు మార్కు లేదు, 25 లేదా అంతకు మించితే 3 మార్కులు. మొత్తం 5 లేదా అంతకు మించితే వైద్యుడు త్వరగా వచ్చి చూడాలి, 7 లేదా అంతకు మించితే అత్యవసర బృందాన్ని పిలవాలి. దీనికి ఖర్చు ఒక ముద్రిత కాగితం మాత్రమే. మార్కులు నర్సు బుర్రకు ప్రత్యామ్నాయం కావని నాకూ తెలుసు. పైన చెప్పిన రైతుకు మెడ వాలిపోయిన తొలి గంటలో ఈ మార్కులు ఎక్కువ వచ్చి ఉండేవి కావేమో. అయినా అర్ధరాత్రి రెండు గంటలకు డ్యూటీ డాక్టరును లేపడానికి జంకే కొత్త నర్సు, "ఎందుకో తేడాగా ఉంది సార్" అనడానికి బదులు "మార్కులు ఏడు వచ్చాయి సార్, రూలు ప్రకారం మీరు రావాలి" అనగలుగుతుంది. ఆ ధైర్యం ప్రభుత్వమే ఆమెకు ఉత్తర్వు రూపంలో ఇవ్వాలి.

నర్సుల సంఖ్య సంగతి మీకు చాలామంది చెప్పే ఉంటారు కనుక క్లుప్తంగా ముగిస్తాను. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం సాధారణ వార్డులలో బోధనాసుపత్రులైతే ముగ్గురు రోగులకు, ఇతర ఆసుపత్రులైతే అయిదుగురికి ఒక నర్సు ఉండాలి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులపై జరిగిన, 2002లో ప్రచురితమైన అధ్యయనంలో, నర్సుకు ఒక్క రోగి అదనంగా పెరిగినకొద్దీ శస్త్రచికిత్స రోగులు ముప్పై రోజులలోపు మరణించే అవకాశం 7 శాతం ఎక్కువగా కనిపించింది. నా చివరి సంవత్సరాలలో రాత్రి డ్యూటీలో ఇద్దరం కలిసి, నేల మీద పరుపులు వేసినవారితో సహా, అరవై మందిని చూసుకున్న రాత్రులు ఉన్నాయి. పోస్టులన్నీ ఒక్క ఏడాదిలో నిండవని అర్థం చేసుకోగలను. అందుకే పోస్టులు నిండేలోపు చేయగలిగిన పని అడుగుతున్నాను.

డ్యూటీ మారిన తరువాత మొదటి అరగంట నర్సులు ఏ రిజిస్టరూ, ఏ కంప్యూటరు నమోదూ ముట్టుకోనవసరం లేదని ఉత్తర్వు ఇవ్వండి. పాత డ్యూటీ నర్సు, కొత్త డ్యూటీ నర్సు కలిసి మంచం మంచానికీ నడిచి, రోగి ఎదుటే అప్పగింతలు జరుపుకోవాలి. ఎవరిని ముందు చూడాలో అక్కడే తేలాలి. వార్డుకు ఒక క్లర్కును ఇచ్చి ఇండెంట్లు, డిశ్చార్జి కాగితాలు, బీమా పథకాల నమోదు అతనికి అప్పగించండి. అధికారుల తనిఖీలు కూడా ఆ అరగంటలో పెట్టవద్దని కోరుతున్నాను, ఎందుకంటే తనిఖీ ఉన్న రోజున దుప్పట్లు సరిచేయడమే అందరికీ మొదటి పని అవుతుంది.

రోగి పక్కన ఉండే సహాయకుల మాటకు కూడా ఒక స్థానం కల్పించాలి. మన వార్డులలో తల్లో భార్యో మంచం పక్కన చాప మీదే పడుకుంటుంది, తేడా అందరికన్నా ముందు ఆమెకే తెలుస్తుంది. ఆలూరు, ఆదోని వైపు నుంచి కన్నడం మాట్లాడేవారు, కర్నూలు పాతబస్తీ నుంచి ఉర్దూ మాట్లాడేవారు కూడా వస్తారు. దూర జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చిన నర్సుకు ఇక్కడి యాసే కొత్తగా ఉంటుంది. కనుక ప్రతి వార్డులో తెలుగు, ఉర్దూ, కన్నడాలలో ఒక బోర్డు పెట్టించండి: మీ మనిషి ఊపిరి, మాట, తెలివి మారినట్టు అనిపిస్తే వెంటనే సిస్టర్‌కు చెప్పండి అని. చెప్పినది విన్న సమయాన్ని, వెళ్ళి చూసిన సమయాన్ని కేస్ షీట్‌లో రాసే గడి ఒకటి చేర్పించండి. ఆ గడి నా రోజులలో ఉండి ఉంటే, ఆ తల్లి మొదటిసారి వచ్చినప్పుడే నేను కుర్చీలో నుంచి లేచి ఉండేదాన్ని.

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలలో ఏ ఒక్క ఆసుపత్రిలోనైనా ఈ పద్ధతిని మూడు నెలలు నడిపి చూడాలని మీరు నిర్ణయిస్తే, ఊపిరి లెక్కపెట్టడం, మంచాల వద్ద అప్పగింత జరపడం కొత్త నర్సులకు నేర్పడానికి ఎటువంటి పారితోషికమూ లేకుండా ప్రతిరోజూ వస్తాను. రాత్రి డ్యూటీ అయినా వస్తాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
కర్నూలు