టెక్సస్‌లో లిక్కర్ పర్మిట్: లీజుకు ముందే సిటీ సంగతి చూసుకోండి

అందరికీ నమస్కారం. టెక్సస్‌లో రెస్టారెంట్ తెరిచి మందు కూడా అమ్మాలనుకునేవాళ్ల కోసం ఇది.

పర్మిట్ ఇచ్చేది టీఏబీసీయే (టెక్సస్ రాష్ట్ర మద్యం నియంత్రణ సంస్థ) అయినా, ఆ స్థలం 'వెట్' ఏరియాలోనే, అంటే మందు అమ్మకానికి అనుమతి ఉన్న ప్రాంతంలోనే ఉందని, సిటీ ఆర్డినెన్సుకు (స్థానిక చట్టానికి) విరుద్ధం కాదని సిటీ సెక్రటరీ సర్టిఫై చేయాలి. అడిగాక 30 రోజుల్లోగా తేల్చాలి.

లీజు మీద సంతకం పెట్టకముందే దూరం కొలిపించండి. చాలా సిటీల్లో చర్చికి, స్కూలుకు, హాస్పిటల్‌కు 300 అడుగుల నిబంధన ఉంది. చర్చికైతే గుమ్మం నుంచి గుమ్మానికి రోడ్డు వెంబడి కొలుస్తారు, పబ్లిక్ స్కూలుకైతే హద్దు నుంచి హద్దుకు నేరుగా. మ్యాప్‌లో నడక దూరం చూసి ధీమా పడితే స్కూలు విషయంలోనే దెబ్బతింటాం.

గత 24 నెలల్లో అక్కడ కూర్చుని తాగే లైసెన్స్ ఏదీ లేకపోతే ఇక్కడ మందు పర్మిట్ తీసుకోబోతున్నామని తెలిపే బోర్డు బయట 60 రోజులు పెట్టాలి, 24×36 అంగుళాలకు తగ్గకుండా. అద్దె నడుస్తూనే ఉంటుంది కాబట్టి దరఖాస్తు దాకా ఆగొద్దు, ముందే తగిలించండి. రోజూ ఫొటో తీసి ఉంచండి.

ఫుడ్ అండ్ బెవరేజ్ సర్టిఫికెట్ (తిండి కూడా అమ్మే చోటని టీఏబీసీ ఇచ్చేది) కావాలంటే మొత్తం అమ్మకాల్లో మందు వాటా 60 శాతం దాటకూడదు. బిల్లింగ్‌లో తిండి, మందు మొదటిరోజు నుంచే వేర్వేరుగా పెట్టండి.