లంకల కోతకు వేసవిలోనే రాయి వేయాలి

సంపాదకుడు గారికి,

2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు అందరూ మా కోనసీమ లంకల (ఏటి మధ్య దీవుల) గురించే మాట్లాడారు. వరద తీశాక మరిచిపోయారు. నిజానికి లంక ఒడ్డు ఎక్కువగా జారేది అప్పుడే. నీరు దిగేకొద్దీ నానిన ఒండ్రు కింద ఇసుక కదిలి, పైమట్టి పెళ్లలు పెళ్లలుగా ఏట్లో పడుతుంది. కాపుమీదున్న మా కొబ్బరిచెట్టు గెలలతో సహా ఒరిగిపోవడం కళ్లారా చూశాను. పక్క చెట్టు వేళ్లు ఇప్పటికీ గాలిలో వేలాడుతున్నాయి.

ఏటిగట్లు ఎత్తు పెంచితే వాటి అవతల ఊళ్లకు మేలే, కాదనను. కానీ లంకలున్నది రెండు గట్ల మధ్య! మాకు కావలసింది ప్రవాహాన్ని ఒడ్డు నుంచి మళ్లించే అడ్డుకట్టలు (గ్రోయిన్లు), ఒడ్డు వాలు మీద పరిచే రాతి రివిట్‌మెంటు. వరదలో ఇసుక బస్తాలు నిలవవు. ఏరు అడుగంటిన వేసవిలోనే పని మొదలుపెట్టాలి. ఒడ్డు పక్కన ఇసుక తవ్వకం వెంటనే ఆపాలి.

– ఒక లంక రైతు, కోనసీమ