అమెరికా డ్రిల్ వద్దు బావా

హ్యూస్టన్,
ఆదివారం రాత్రి

బావా,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. "అమెరికాలో అన్నిటికంటే పవర్ ఉన్న కార్డ్‌లెస్ హామర్ డ్రిల్ ఏటో చూసి పట్టుకొచ్చీ, డబ్బులు చూడకు" అన్నావు. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో ఎవరో కస్టమర్ పిలుస్తాడు, నువ్వు సగం విని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇది అక్కకి మాత్రం చూపించకు, ఎందుకో కింద తెలుస్తుంది.

పోయినేడాది నేనూ నీలాగే అన్నిటికంటే పెద్దదే కావాలని వెతికాను. ఇక్కడ వీడియోలు చేసేవాళ్ళు ఎక్కువమంది లావుపాటి చెక్క దుంగకి ఇంచున్నర బెజ్జం వేయించి, ఏది ఆగకుండా వెళ్తే అదే గొప్ప డ్రిల్ అంటారు. వాళ్ళ తప్పేం లేదు, ఇక్కడ ఇల్లంటే చెక్క ఫ్రేము, దానికి జిప్సం బోర్డు. మా హాల్లో గోడకి గట్టిగా మోచేయి తగిలినా సొట్ట పడుతుంది. అందుకని వీళ్ళకి పవర్ అంటే టార్క్, తిప్పే బలం. పెద్ద మోడళ్ళ డబ్బా మీద 1,200 ఇంచ్-పౌండ్లని రాసి ఉంటుంది, మన లెక్కలో 135 న్యూటన్ మీటర్లు. ఆ అంకె చూసే నేను పడిపోయాను.

అమ్మ ఇక్కడికొచ్చే ముందు గుమ్మం దగ్గర కాంక్రీట్ మెట్టుకి రెయిలింగ్ పెట్టాలనుకున్నాను. నాలుగు బెజ్జాలు, 10 ఎంఎం, రెండున్నర ఇంచుల లోతు, అంతే పని. మొదటి ఇంచు బాగానే దిగింది. ఆ తర్వాత అరుపే తప్ప కదలిక లేదు, బిట్ కొన నీలంగా మారిపోయింది, నేను ఒళ్ళు బరువంతా దాని మీద వేసి నొక్కుతున్నాను. లోపల గట్టి కంకర రాయేదో తగిలి బిట్ ఠక్కున ఆగింది. మెషిన్ ఆగదుగా, అది తిరిగింది, దాంతోపాటు నా మణికట్టూ తిరిగింది. సైడ్ హ్యాండిల్ ఏమో డబ్బాలో కవరు కూడా విప్పకుండా ఉంది. పది రోజులు స్పూనుతో ఎడమ చేత్తో తిన్నాను. అక్కకి తెలిస్తే ఇప్పటికీ క్లాసు పీకుతుంది.

మిగతా మూడు బెజ్జాలూ పక్కింటాయన రోటరీ హామర్‌తో వేశాను. అదీ 18 వోల్టులదే, టార్క్ నా దాంట్లో సగం కూడా లేదు. ఒక్కోటి అర నిమిషం పట్టలేదు, ఊరికే పట్టుకుని నిలబడితే చాలు, అదే దిగిపోయింది. నాకు సిగ్గేసింది, నిజంగా.

తేడా ఏమిటో ఆ రోజు రాత్రి చదివితే అర్థమైంది. హామర్ డ్రిల్‌లో పళ్ళున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి, సైకిల్ ఫ్రీవీల్ టకటకలాడినట్టు. నిమిషానికి దెబ్బలు 25 వేలు, 30 వేలు అని రాస్తారు కానీ ఒక్కో దెబ్బలో ఏమీ ఉండదు, బలం నువ్వు నొక్కడంలోంచి రావాలి. రోటరీ హామర్ లోపల పిస్టన్ ఉంటుంది. సైకిల్ పంపు మూతి వేలితో మూసి నొక్కితే గాలి ఎదురు తంతుంది చూడు, ఆ గాలే లోపలున్న ఇనుప దిమ్మని బిట్ వెనక కొడుతుంది. నిమిషానికి నాలుగైదు వేల దెబ్బలే, కానీ ప్రతి దెబ్బా దెబ్బే. అందుకే దాని బలాన్ని జౌల్స్‌లో రాస్తారు, చిన్న 18 వోల్టుల రకాల్లో సుమారు 2 జౌల్స్ ఉంటుంది. నువ్వు చూడాల్సిన అంకె అది.

అల్లిపురం ఇంట్లో నాన్న గోడ గడియారానికి బెజ్జం పెట్టడం నువ్వు చూళ్ళేదు. శానం ఆనించి సుత్తితో ఒక దెబ్బ, శానాన్ని కొంచెం తిప్పడం, మళ్ళీ దెబ్బ. అరగంటకి బెజ్జం, అందులో చెక్క బిరడా, దానికి మేకు. రోటరీ హామర్ చేసేది అచ్చం ఆ పనే, వేగంగా. నాన్న చేతిలో టార్క్ ఎంతుందని బావా!

నీ పని సంగతికొద్దాం. ఎంవీపీ కాలనీలో పాత ఇళ్ళు, గాజువాక వైపు ఫ్లైయాష్ ఇటుక గోడలు, వీటికి మామూలు హామర్ డ్రిల్ చాలు, కర్టెన్ రాడ్లకీ టీవీ స్టాండ్లకీ 8 ఎంఎం ప్లగ్గు కాబట్టి ఇబ్బంది లేదు. కానీ నువ్వే అన్నావు, ఇప్పుడు ఎక్కువ పనులు మధురవాడ కొత్త టవర్లలో అని. అల్యూమినియం షట్టరింగ్ పెట్టి గోడా శ్లాబూ కలిపి పోసిన బిల్డింగులైతే ఇటుకే ఉండదు, ఎక్కడ పెట్టినా కాంక్రీటే. అక్కడ ఏసీ స్టాండుకి యాంకర్ బోల్టులు, బాల్కనీ శ్లాబుకి బట్టలారేసే హ్యాంగర్లు, అదీ నిచ్చెన మీద నిలబడి తల పైకెత్తి. నా మణికట్టుకి నేల మీద జరిగింది నీకు నిచ్చెన మీద జరిగితే? కాంక్రీట్ లోపలి ఇనుప కడ్డీ తగిలినట్టు అనిపిస్తే మొండిగా నొక్కకుండా రెండు ఇంచులు పక్కకి జరుగు.

కాబట్టి నేను ఇక్కడినుంచి డ్రిల్ మోసుకురాను. వైజాగ్‌లోనే 18 వోల్టుల బ్రష్‌లెస్ (మోటారులో కార్బన్ బ్రష్‌లు లేని రకం) రోటరీ హామర్ కొనుక్కో, ఎస్‌డీఎస్ ప్లస్ బిట్లు, అంటే కాడకి గాడులుండి లోపలికి నొక్కితే పట్టుకునేవి, పట్టేది. పేర్ల దగ్గర మోసపోకు, అక్కడ షాపుల్లో ఇంపాక్ట్ డ్రిల్ అంటే మామూలు హామర్ డ్రిలే ఇస్తారు. జౌల్స్ ఎంతో అడుగు. చెప్పలేకపోతే ఇంకో షాపుకి వెళ్ళు. అన్నిటికంటే ముందు, దాని బ్యాటరీ ఊళ్ళో దొరుకుతుందా, సర్వీస్ సెంటర్ ఎక్కడుంది అని కనుక్కో. బోష్ అయినా మకీటా అయినా నాకు పట్టింపు లేదు, రిపేరుకి హైదరాబాద్ పంపాలి అంటే మాత్రం వద్దు.

ఇక్కడినుంచి ఎందుకు తేనంటే, అమ్మకి తెచ్చిన బ్లెండర్ గుర్తుందిగా, ఒక్క గోంగూర పచ్చడికే పొగ వచ్చింది. ఇక్కడ కరెంటు 120 వోల్టులు, మనకి 230. డ్రిల్ బ్యాటరీదే అయినా ఛార్జర్ గోడకే పెట్టాలిగా. ఫ్లైట్‌లో ఇంకో తలనొప్పి, డ్రిల్ చెక్-ఇన్ పెట్టెలో వెయ్యాలి, విడి బ్యాటరీలు మాత్రం చేతి సంచిలోనే పెట్టుకోవాలి, అదీ 100 వాట్-అవర్ల లోపుంటేనే సులువు. 18 వోల్టులని 5 యాంప్-అవర్లతో గుణిస్తే 90, సరిపోతుంది. 8 అయితే 144, ఎయిర్‌లైన్స్ వాళ్ళని ముందే అడగాలి. 12ది అసలు ఎక్కనివ్వరు. ఇంతా చేసి తెచ్చాక పాడైతే ఇక్కడి వారంటీ పట్టుకుని నువ్వేం చేస్తావు?

బ్యాటరీలు రెండు తీసుకో, ఒకటి వాడుతుంటే ఒకటి ఛార్జింగ్‌లో ఉంటుంది. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో వదిలెయ్యకు, లిథియం బ్యాటరీకి వేడి పడదు. బీచ్ రోడ్డు వైపు పని చేసి వచ్చిన రోజు చక్‌ని, అదే బిట్ పట్టే మూతిని, ఆయిల్ గుడ్డతో తుడువు, మన ఉప్పుగాలి సంగతి నీకు కొత్త కాదు. టైల్స్ మీద మొదలుపెట్టేటప్పుడు హామర్ మోడ్ తీసెయ్యి, టైలు దాటాకే దెబ్బ. కాంక్రీట్ దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది, ఆ కర్చీఫ్ కట్టుకోవడం మానేసి మంచి మాస్కు పెట్టుకో. పాత వైరు మెషిన్ అమ్మెయ్యకు, ఏసీ పైపుకి 65 ఎంఎం కోర్ బెజ్జం వెయ్యాలంటే ఈ చిన్నది సరిపోదు, అదే కావాలి.

చందనోత్సవానికి వస్తున్నాం కదా, నాలుగు అంచుల కార్బైడ్ బిట్లు మాత్రం తెస్తాను. రెండు అంచులవి కడ్డీ దగ్గర ఇరుక్కుంటాయి, ఇవి తక్కువ ఇరుక్కుంటాయి, బరువూ ఉండవు. నువ్వు ఎక్కువగా వాడేది 8, 10, 12లో ఏది, ఎంత పొడవు కావాలి, గురువారంలోపు రాసి పంపు. వాయిస్ మెసేజ్ వద్దు, వెనక గ్రైండర్ మోతలో అంకెలు వినపడవు.

నీ బావమరిది

తా.క. కొన్నాక డబ్బా ఫొటో పంపక్కర్లేదు. సైడ్ హ్యాండిల్ బిగించిన ఫొటో పంపు.