ఉడుతను తరమకు

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. పిచ్చుకల కోసం గింజల డబ్బా వేలాడదీస్తే ఉడుత వచ్చి తిష్ఠ వేసిందని తెగ ఉడికిపోయావు. ఆ డబ్బా ఎవరికోసం పెట్టావో దానికెలా తెలుస్తుందే?

గింజల్లో కారం కలపమని ఎవరో సలహా ఇచ్చారన్నావు. అది ఉత్తి మాటేం కాదు. మిరపలోని క్యాప్సైసిన్ అనే ఘాటు పదార్థం మనకీ, ఉడుతకీ, ఎలుకకీ నోరు మండిస్తుంది గానీ పక్షులకు ఆ మంట తెలీదు. మన ఒంట్లో ఆ మంటను పసిగట్టే గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. పక్షులకూ ఆ గ్రాహకం ఉంది, కాకపోతే క్యాప్సైసిన్‌కి అది చలించదు. అయినా నువ్వా పని చెయ్యకు. గాలికి పొడి లేచి ఉడుత కళ్లలో పడుతుంది, నీ కళ్లలోనూ పడుతుంది.

దాన్ని తరిమే ముందు ఓసారి దగ్గర్నుంచి చూడు. చెట్టు మీంచి తలకిందులుగా దిగేటప్పుడు వెనక పాదాలు పూర్తిగా వెనక్కి తిరిగిపోతాయి. గోళ్లు బెరడులో దిగి ఒళ్లంతా మోస్తుంటే, ముందు కాళ్లతో తీరిగ్గా గింజ ఒలుచుకుంటుంది. దానికి వేరే మూల గుప్పెడు గింజలు పడేసి రాజీ కుదుర్చుకో.

నాకు టెన్షన్ దాని గురించి కాదు. కింద రాలిన గింజలు రాత్రంతా ఉంటే ఎలుకలు మరుగుతాయి. చీకటి పడకముందే ఊడ్చెయ్. డబ్బా అడుగున తడిసిన గింజలు, రెట్టలు పేరుకుంటే సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఒక పిట్ట నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. రెండు వారాలకోసారైనా కడిగి, బాగా ఆరాకే నింపు. ఈకలు ఉబ్బించుకుని, దగ్గరికెళ్లినా ఎగరకుండా కూర్చున్న పిట్ట కనిపిస్తే కొన్నాళ్లు డబ్బా తీసెయ్. అవి పస్తుంటాయని బెంగ వద్దు, తిండి వెతుక్కోవడం వాటికి మనం నేర్పిందా? పిచ్చుకలైతే గూట్లో పిల్లలకు ఎక్కువగా పురుగులే పెడతాయి.

డేగ గువ్వను తన్నుకుపోయిందని ఏడ్చావట. ఏం చేస్తాం, దాని తిండి అదే. పిల్లి సంగతి వేరు. ఇంట్లో కడుపు నిండినా వేటాడుతుంది. అది పొంచి కూర్చునే పొదలకు దగ్గరగా డబ్బా పెట్టకు.

ఇంకొకటి. డబ్బా కిటికీకి మీటరు లోపు ఉంటే పిట్ట బెదిరి లేచినా అద్దానికి గట్టిగా కొట్టుకునేంత వేగం అందుకోదు. నాలుగైదు మీటర్ల దూరమే ప్రమాదం. పెడితే బాగా దగ్గర, లేదంటే పది మీటర్ల అవతల. నీది ఎంత దూరంలో ఉందో కొలిచి రాయి.

అమ్మ