నీ ట్యాగుల గొడవ తేలింది రా

ఒరేయ్,

జవాబు ఆలస్యమైంది. తిట్టేది ఏదో తిట్టేసి చదువు. ఇక్కడ అందరం కులాసా, మిగతా కబుర్లు మళ్ళీ. నీ జావా ప్రోగ్రాంలో ఒక్కో ట్యాగూ 500 అక్షరాలదాకా డేటాబేస్‌లో పట్టాలి, పట్టట్లేదేం అన్నావు కదా, ఆ సంగతి చెప్పేదాకా నాకు ఊపిరాడదు.

నువ్వు సెట్ (ట్యాగుల గుంపు) మీద సైజ్ మాక్స్ 500 అని పెట్టావు చూడూ, దానర్థం సెట్‌లో 500 ట్యాగుల కంటే ఎక్కువ ఉండకూడదని! ఒక్కో ట్యాగు పొడవుతో దానికి పనే లేదు. పొడవు చెప్పాల్సింది కాలమ్ అనొటేషన్‌లో (@తో మొదలయ్యే గుర్తు), లెంగ్త్ 500 అని, గుంపుని వేరే టేబుల్లో దాచమనే ఎలిమెంట్‌కలెక్షన్ పక్కనే. రాసేది ఫీల్డ్ మీదే అయినా తగిలేది ఆ వేరే టేబుల్, అంటే కలెక్షన్ టేబుల్లోని విలువ కాలమ్‌కి. చెప్పకపోతే 255. మన పాత చుట్టమే, పిలవకపోయినా వచ్చి కూర్చుంటాడు. సేవ్ చేసే ముందే తనిఖీ కావాలంటే సైజ్‌ని యాంగిల్ బ్రాకెట్ల లోపల, స్ట్రింగ్‌కి ముందు పెట్టు. బీన్ వాలిడేషన్ (జావాలో విలువల్ని తనిఖీ చేసే ప్రమాణం) 2.0 నుంచి కుదురుతుంది.

సెట్ బదులు మ్యాప్ (కీ, విలువ జతలు) అయితే ఇంకో తిరకాసు. కాలమ్ అన్నది విలువకే, కీకి మ్యాప్‌కీకాలమ్ వేరే రాయాలి. లేదంటే విలువ 500, కీ 255. సగం గుండు!

ఇప్పుడు అసలు మెలిక. హైబర్నేట్‌లో (జావా వస్తువుల్ని డేటాబేస్‌లో దాచే లైబ్రరీ) సెట్‌కి నల్లబుల్ ఫాల్స్ (ఖాళీ కుదరదని) కూడా పెడితే ఓనర్ ఐడీ, విలువ కలిపి ప్రైమరీ కీ (ఒక్కో వరసని గుర్తుపట్టే కీ) చేస్తుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో, దాని నిల్వ ఇంజన్ ఇన్నోడీబీకి కీ హద్దు 3072 బైట్లు, అదీ డైనమిక్ రో ఫార్మాట్‌లో (వరసల్ని దాచే ఓ తీరు). యూటీఎఫ్8ఎంబీ4 అనే అక్షర సంకేతంలో అక్షరానికి 4 బైట్లు లెక్క. 500 అంటే 2000, హాయిగా పడుతుంది. "పోనీలే, 1000 పెడదాం" అన్నావో, 4000 అయి టేబులే పుట్టదు, కీ మరీ పొడవనే 1071 ఎర్రర్. కాబట్టి ఆ ఉదారబుద్ధి కట్టిపెట్టు.

అన్నట్టు, అనొటేషన్ మార్చగానే పాత టేబుల్ మారిపోతుందనుకోకు. హైబర్నేట్ ఆటో అప్‌డేట్‌ని నమ్ముకోక ఆల్టర్ టేబుల్ (టేబుల్ మార్చే ఆదేశం) నువ్వే మైగ్రేషన్ ఫైల్లో రాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వార్‌కార్ (అక్షరాల కాలమ్) పొడవు పెంచితే టేబుల్ తిరగరాయదు. మైఎస్‌క్యూఎల్‌లో మాత్రం 255 బైట్ల గీత దాటితే టేబుల్ మొత్తం కాపీ. నీది ఇప్పటికే 255 అక్షరాలు, అంటే 1020 బైట్లు, గీత ఎప్పుడో దాటేశావు, భయం లేదు. 60 అక్షరాలని 100 చేసేవాడికే తిప్పలు.

ఎర్రర్ లైన్ చూసి మోసపోయావు కూడా. ట్యాగు చేర్చే యాడ్ పిలిచిన చోట ఏమీ కాదు, మార్పుల్ని డేటాబేస్‌కి పంపే ఫ్లష్ దగ్గర పేలుతుంది. స్ట్రిక్ట్ మోడ్ (తప్పు విలువని ఒప్పుకోని పద్ధతి) ఆపేసిన మైఎస్‌క్యూఎల్ అయితే పేలదు కూడా, వార్నింగ్ ఒకటి పడేసి తోక కత్తిరించి దాచుకుంటుంది. అలాంటి చోటే ట్యాగులు సరిగ్గా 255 దగ్గర తెగుతాయి.

ఇక వెళ్ళాలి, పిలుస్తున్నారు. ట్యాగు బదులు ఎంబెడబుల్ (కొన్ని ఫీల్డులు కలిపిన ముద్ద) ఉంటే అట్రిబ్యూట్‌ఓవర్‌రైడ్ చూడు, అది రేపు