తొమ్మిదో ఫారం కుట్టిన చేతులకు

నా కథల సంపుటి మూడు వందల ప్రతులూ ఈ వారంలో పాఠకులకు అందుతున్నాయి. అట్ట మీద నా పేరొక్కటే ఉన్నా, ఆ పుస్తకం చదవదగిన రూపంలో మీ ముందుకు రావడానికి కారణమైనవారిలో చాలామందికి తెలుగు చదవడం రాదు. వారికి నలుగురి ఎదుట నమస్కరించడం నా విధి.

జరిగినది చెబితేగాని వారు చేసిన మేలు ఎంతటిదో తెలియదు. పింఛను డబ్బుల్లో రెండేళ్లపాటు దాచుకున్నది పెట్టి దూరాన ఒక ముద్రణాలయంలో పుస్తకం వేయించాను. కట్టలు పర్లాకిమిడి చేరిన సాయంత్రం ఆత్రంగా ఒక ప్రతి తీసి చదువుతుంటే, 128వ పుట తర్వాత మళ్లీ 113వ పుట వచ్చింది. ఇంకొకటి తీశాను, అదీ అంతే. పదహారేసి పుటలు ఒక ఫారంగా మడిచి, ఆ ఫారాలను వరసగా పేర్చి పుస్తకం కుడతారు. ఇందులో ఎనిమిదో ఫారాన్ని రెండుసార్లు పెట్టి కుట్టేశారు. 129 నుంచి 144 దాకా ఉండవలసిన తొమ్మిదో ఫారం ఏ ప్రతిలోనూ లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ గజపతి జిల్లాను ఊడ్చేసిన రాత్రి మీద నేను రాసిన కథ ముగింపు ఆ పదహారు పుటల్లోనే ఉంది. ప్రూఫులు మీరే చూసి సంతకం చేశారు కదా అని ముద్రాపకులు చేతులు దులుపుకున్నారు. ప్రూఫుల్లో తప్పు లేదు, ఫారాలు పేర్చడంలో ఉంది. తెలుగులో కథల పుస్తకం వేసుకునేవారిలో చాలామంది సొంత డబ్బే పెడతారు కాబట్టి, ఇలాంటిది జరిగితే అడిగే దిక్కు ఉండదు.

శ్రీకాకుళంలో డీటీపీ చేసుకుంటున్న నా పాత విద్యార్థి, కాగితం ఖర్చు మాత్రమే తీసుకుని, తొమ్మిదో ఫారం మూడు వందల తావులు అచ్చు వేయించి పంపాడు. వాటిని పుస్తకాల్లో చేర్చే పనికి పూనుకున్నది మా వీధి చివర ఆఫీసు రిజిస్టర్లకు బైండింగు చేసే ఒడియా పెద్దాయన. ఆయనకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. "అంకెలు వచ్చు కదా టీచరమ్మా, చాలు," అన్నారు. అట్టను ఆవిరి పట్టి మెల్లగా ఊడదీసి, దారం తెంపి, రెండోసారి వచ్చిన ఎనిమిదో ఫారాన్ని తీసేసి, కొత్తది పెట్టి, పుటల అంకెలను వేలితో ఒక్కొక్కటీ తాకి సరిచూసుకుని మళ్లీ కుట్టేవారు. ఒక్కో పుస్తకానికీ అదే శ్రద్ధ. ముప్పయ్యో పుస్తకానికీ, మూడు వందలో పుస్తకానికీ తేడా లేదు.

తావులు మడవడం మా అరుగు మీద సాగింది. తావును మూడు మడతలు వేసి, వెదురు బద్దతో గట్టిగా నొక్కితే ఎనిమిది ఆకులవుతాయి. ఎదురింటి ఒడియా అక్కగారు, ఆవిడ కోడలు, కాలేజీలో చదువుకుంటున్న సవర అమ్మాయి రోజూ దీపాలు పెట్టే వేళకు వచ్చి కూర్చునేవారు. సవరల నోటి నుంచే వారి భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే దశాబ్దాలపాటు ఉన్నారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, మనసు కష్టపెట్టుకుని రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. నేను మాత్రం ఈ అరుగు వదిలి వెళ్లలేను.

ఆ పని నడుమనే నా పిల్లికి ప్రాణం మీదికి వచ్చింది. నుదుటి మీద నల్లని వంకర మచ్చ ఉండడం వల్ల దాన్ని అరసున్న అని పిలుచుకుంటాను. ఎనిమిదేళ్లుగా నేను రాసిన ప్రతి కాగితం మీదా ముందుగా పడుకునేది అదే. నాలుగో సాయంత్రం తావుల దగ్గరికి రాలేదు. మట్టి తొట్టెలోకి పదేపదే వెళ్లి, కూర్చుని, మూలిగి, చుక్క పడకుండానే లేచి వస్తోంది. మలబద్ధకమనుకున్నాను. సవర అమ్మాయి దాని పొట్ట తడిమి, లోపల గట్టిగా నిమ్మకాయంత ఉబ్బు ఉందని చెప్పింది. మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. అందులో స్ఫటికాలు అడ్డుపడితే రెండు మూడు రోజుల్లోనే ఒంట్లో పొటాషియం పేరుకుని గుండె ఆగిపోతుందని ఆ తర్వాత తెలుసుకున్నాను. ఊళ్లో ఆవులకూ మేకలకూ మందు దొరుకుతుంది కానీ పిల్లికి పట్టేంత సన్నని గొట్టం దొరకలేదు. ఎదురింటి అక్కగారి తమ్ముడు అన్నం ముందు నుంచి లేచి, తన బండిలో పాతపట్నం మీదుగా ఆ రాత్రే మమ్మల్ని శ్రీకాకుళం చేర్చాడు. వైద్యులు మత్తిచ్చి, గొట్టం వేసి, మూడు రోజులు ఉంచుకున్నారు. బండి బాడుగ ఎంతని అడిగితే ఆ తమ్ముడు మాట మార్చేశాడు.

ఆ మూడు రోజులూ నేను ఇంట్లో లేను. అయినా అరుగు మీద పని ఆగలేదు. తిరిగి వచ్చేసరికి మడిచిన ఫారాలు పాతికేసి చొప్పున కట్టలు కట్టి, వాన జల్లు తగలకుండా నా బీరువాలో పెట్టి ఉన్నాయి. అరసున్న ఇప్పుడు తడి ఆహారం తింటోంది, ఇంట్లో మూడు చోట్ల నీళ్ల గిన్నెలు పెట్టాను.

కుట్టిన తర్వాత అంచులు తిరిగి కోయడం వల్ల పుస్తకం కొలత కొద్దిగా తగ్గింది, పాఠకులు మన్నించాలి. మీ ప్రతిని 136, 137 పుటల మధ్య తెరిచి చూడండి. మిగతా ఫారాలన్నింటికీ తెల్ల దారం ఉంటుంది. అక్కడ కనిపించే గోధుమరంగు దారం మా వీధి చివరి పెద్దాయనది.